పేరున్న నేతి గరిటె

తమ్ముళ్లను ఎత్తుకోవడంతోనే నా బడి ఈడు గడిచిపోయింది. అరవై దాటాక అక్షరాలు నేర్చుకున్నాను.

మొన్న కోడలు నెయ్యి కాస్తుంటే ఆ వాసనకి అమ్మ ఇత్తడి నేతి గరిటె గుర్తొచ్చింది. నా చిన్నప్పుడు ముక్తేశ్వరంలో పెళ్లి వంటకి వెళ్లి తెచ్చింది. సన్నటి ముక్కు, పిడి మీద చెక్కిన పేరు.

"ఎవరిదమ్మా?"

"నాదేనే. పెళ్లివారు పేరు కొట్టించి మరీ ఇచ్చేరు."

చదువు రాని మాకు పేరున్న గరిటె ఎవరిస్తారు? పైగా వాడకుండా పెట్టెలో దాచింది. దొంగిలించిందనుకున్నాను. వాడటానికి మా ఇంట్లో నెయ్యే ఉండేది కాదని అప్పుడు తట్టలేదు. అమ్మ పరువు పోతుందని, ఆమె పోయాక కూడా ఎవరిచేతా చదివించలేదు.

ఆ సాయంత్రం పెట్టె తీసి కూడబలుక్కుని చదివాను: వెంకాయమ్మ. అమ్మ పేరే.

మర్నాడు పొద్దున్నే చింతపండుతో తోమి, మనవరాలి అన్నంలో దానితోనే నెయ్యి పోశాను.

"ఎవరిదో పేరుంది, నాన్నమ్మా!"

"గట్టిగా చదువమ్మా" అన్నాను.