ముగ్గురేసి చొప్పున నేర్చుకున్న ఫుట్‌బాల్

మా కాలేజీ ఆటల రిజిస్టరు చెదలు తినేశాయి. ఐదుగురు ఒకచోట చేరకూడదన్న ఊళ్ళో పదకొండుమందికి ఆట నేర్పడమెలాగో ఏ పుస్తకంలోనూ లేదు. మా లైబ్రరీలోని ఆటల అల్మారా మొత్తం చదివినవాణ్ణి గనక ఈ మాట ధైర్యంగా అనగలను. అందుకే రాస్తున్నాను.

అల్లర్లు అణిగి రంగూన్‌లో కాలేజీలు మళ్ళీ తెరిచిన ఏడాది, వానలు తగ్గాక, లైబ్రరీ అసిస్టెంటునైన నన్ను తాత్కాలిక ఫుట్‌బాల్ శిక్షకుడిగా వేశారు. ఆ అల్మారా తాళంచెవి నా దగ్గరుండటమే నా అర్హత. బయటి దేశాల పుస్తకాలు రావడం ఎప్పుడో మానేశాయి. ఉన్నవాటిలో అన్నిటికన్నా కొత్తది నాకంటే వయసులో పెద్దది.

సీజన్‌కి మూడు మ్యాచ్‌లు. డ్రా చేస్తే ఒక పాయింటు. ఒక్క పాయింటైనా రాకపోతే కాలేజీల లీగ్ జాబితాలోంచి మా పేరు కొట్టేస్తారు. జట్టు పోతే మా కుర్రాళ్ళకి క్లాసు, ఇల్లు తప్ప మరేమీ మిగలదు.

మ్యాచ్‌కి వార్డు ఆఫీసు అనుమతి ఉంది గానీ ప్రాక్టీసుకి లేదు. నాతో కలిపి నలుగురికి మించకూడదు. కాబట్టి ముగ్గురేసి చొప్పున బ్యాచ్‌లు కట్టాను. చివరి బ్యాచ్‌లో కెప్టెన్ డేవిడ్, గోలీ మాత్రమే. కుర్రాళ్ళు ఊరికి ఒక చివరున్న తాకేటా నుంచి ఒకరు, ఇంకో చివరున్న ఇన్సేన్ నుంచి ఒకరు వచ్చేవారు. క్లాసులూ వేరు కావడంతో ఒక బ్యాచ్‌వాడికి ఇంకో బ్యాచ్‌వాడి మొహం తెలియదు.

మొదటి మ్యాచ్‌లో ఎవరి బ్యాచ్‌వాళ్ళు వాళ్ళలో వాళ్ళే బంతి అందించుకున్నారు. డేవిడ్ గీత దగ్గరకి పరిగెత్తుకొచ్చాడు.

"మాస్టారూ, ఆ పొడుగోడు మనోడేనా?"

"బనీను రంగు చూడరా!"

"రంగు మనదే. మొహమే కొత్త. బంతెలా ఇచ్చేస్తాను?"

ఏడు గోల్స్ తేడాతో ఓడాం.

అప్పుడు లైబ్రరీ కార్డులు తీశాను. కార్డుకొక ఆటగాడి పేరు రాసి, రోజూ వరస మార్చి, ప్రతివాడూ ప్రతివాడితోనూ ఆడేలా బ్యాచ్‌లు తిప్పాను. రెండో మ్యాచ్ రెండు గోల్స్ తేడాతోనే పోయింది.

మూడో మ్యాచ్‌లో హాఫ్‌టైమ్‌కి ఎవరికీ గోల్ లేదు. అలాగే నిలిస్తే మాకు పాయింటు వచ్చేస్తుంది. జట్టును దగ్గరికి పిలవబోతుంటే వార్డు అధికారి ఊ థాన్ అడ్డొచ్చారు.

"సయా, అనుమతి ఆడటానికి. ఇప్పుడు మీరు ఆడటం లేదు." సయా అంటే బర్మా భాషలో మాస్టారు; ఊ, డా, కో అన్నవి పేర్లకి ముందొచ్చే మర్యాదమాటలు.

"పది నిమిషాలేనండీ, ఊ థాన్."

"పది నిమిషాలైనా పదకొండుమంది పదకొండుమందే."

సరేనని జట్టును మైదానం నలుమూలలా గుంపులుగా నిలబెట్టి, ఒక్కో గుంపు దగ్గరికీ నేనే నడిచాను. అందరూ వెనక్కి తగ్గి గోల్ కాపాడుకోండి, ఎవరూ ముందుకి పోవద్దు. చెప్పాల్సింది ఇంతే. కానీ మొదటి గుంపుకి రక్షణ పద్ధతుల చరిత్ర కూడా చెప్పాను.

"మాస్టారూ, ఇది పరీక్షలో వస్తాదేటి?" అన్నాడు పొడుగువాడు.

మూడు గుంపులు పూర్తయ్యేసరికి ఈల పడింది. ముందు ఆడే ముగ్గురికీ నా మాట చేరనేలేదు.

ఎనిమిదిమంది గోల్ ముందు గోడ కట్టారు. ఆ ముగ్గురు మాత్రం అవతలి కొసలో బంతి కోసం కేకలేస్తున్నారు. వెనక్కి రమ్మని నేను చేతులూపాను. ప్రోత్సహిస్తున్నాననుకుని మరింత ముందుకెళ్ళారు. చివర్లో డేవిడ్ కంగారుపడి గట్టిగా తన్నిన బంతి నేరుగా ఆ ముగ్గురి దగ్గరే పడింది. గోల్!

గెలిచాం. జట్టు పేరు జాబితాలో నిలిచింది. ఈ వ్యూహం ఏ పుస్తకంలోదని అవతలి శిక్షకుడు అడిగితే, ఆ పుస్తకం బయటికి ఇవ్వబడదన్నాను.

శిక్షకుడు తన మాట ఎంతమందికి చేరుతుందో ముందే చూసుకోవాలి. ఆదేశం చిన్నదిగా ఉండాలి. చేరనిచోట ఆటగాణ్ణి తనకి తోచినట్టు ఆడనివ్వాలి. నేను నేర్చుకున్నది ఇది.

కెప్టెన్ డేవిడ్‌కి, గోలీ శామ్యూల్‌కి, కార్డులిచ్చి కారణం అడగని లైబ్రేరియన్ డా ఖిన్‌కి, నిబంధన సడలించని ఊ థాన్‌కి, ముందువరస పీటర్, కో లిన్, అప్పన్నలకి కృతజ్ఞతలు. అందరికన్నా ఎక్కువగా, హాఫ్‌టైమ్ ముగియగానే ఒక్క క్షణం కూడా ఆలస్యం చెయ్యకుండా ఈల ఊదిన రిఫరీ కో మ్యింట్‌కి.