వైపర్ మోటార్ల బండి

ఎనభైల్లో మా వరంగల్ ఇంజనీరింగ్ కాలేజీలో బండ్ల పోటీ పెట్టారు. సుద్దతో గీసిన వలయంలో, విద్యార్థులే తయారుచేసిన రెండు బ్యాటరీ బండ్లు తలపడాలి. గీత దాటినా, చెడిపోయినా ఓటమే. అందరూ వేగం కోసం సైకిల్ చైన్లు బిగిస్తుంటే, నా రూమ్మేట్ మట్టెవాడలోని పాత సామాన్ల దుకాణం నుంచి రెండు కారు వైపర్ మోటార్లు పట్టుకొచ్చాడు.

"దీనికన్నా నత్త నయం గదరా," అన్నాను.

"మనం ఎవర్నీ నెట్టొద్దు, జరగకుంటే చాలు. మోటార్ తిప్పితెనే చక్రం తిరుగుతది. బయటికెల్లి ఎవడు తోసినా తిరగదు," అన్నాడు.

ఆ ధీమాతో చక్రాలకు పాత ట్యూబు ముక్కలు చుట్టి, బరువుకు లారీ బ్యాటరీ ఎక్కించాం.

పోటీలో మా బండి జానెడు దూరం నడిచి ఆగింది. సీనియర్ల బండి ఉరికొచ్చి గుద్దింది. మాది కదల్లేదు. మళ్లీ గుద్దింది. వాళ్ల చక్రాలు ఉన్నచోటే గిర్రున తిరిగి, రబ్బరు కాలిన వాసన వర్క్‌షాపంతా కమ్మి, చివరికి వాళ్ల మోటారే పొగలు కక్కింది. నవ్వు ఆపుకోలేక నేను నేలమీద కూలబడ్డాను.

తర్వాత మా బండిని బయటికి నెట్టబోతే, కదిలితేనా. మా పాత బ్యాటరీ కూడా అయిపోయింది. పాపం, సీనియర్లే వచ్చి తలో చెయ్యి వేశారు. పెళ్లికొడుకును మోసినట్టు మోస్తూ గీత దాటించాక, వాళ్లలో ఒకాయన రొప్పుతూ అన్నాడు:

"మోస్తెనే పోతదని ముందే చెప్తే, గప్పుడే ఎత్తి గీత బయట పెడుతుంటిమి గద తమ్మీ."