గేటు అవతల నా బిడ్డ

కుట్టీ, నువ్వు పోయినావని ఫోను వచ్చినప్పుడు నేను నీకు గంజి వార్చతా ఉండాను.

మన చర్చి సంఘం పత్రిక చదివే అమ్మలకు, అయ్యలకు చెప్పుకుంటా ఉండాను. నా బిడ్డ తిరుపతి ఆసుపత్రిలో జ్వరంతో పడుండె. ఆమెతో కూడా శ్రీ సిటీ ఫ్యాక్టరీ బస్సెక్కే పిల్లను పక్కన కూర్చోబెట్టి, గంజి తెద్దామని ఇంటికొచ్చినాను. ఆ పిల్లే ఫోను చేసింది. "అత్తా" అనింది. ఇంకేం అనలేకపోయింది. నేను స్టవ్వు ఆర్పేసినాను. గంజి గిన్నె మీద మూత పెట్టినాను, ఎవురికో తెలీదు.

మీలో శానా మందికి ఆమె సండే స్కూలు అక్కగా తెలుసు. మీ పిల్లకాయలకు గుగ్గిళ్ళు పెట్టి కథలు చెప్పింది ఆమే. నాకు ఒక్కతే బిడ్డ. అయిదో తరగతితో బడి మానేసినదాన్ని నేను, రాసేది అలవాటు లేదు. రాస్తా ఉండేది ఎందుకో చివర్లో మీకే తెలుస్తాది.

వాళ్ళ నాయన పోయినప్పుడు ఆమె ఇంకా స్కూల్లో చదవతా ఉండె. మన ఊర్లో పద్ధతి మీకు తెలిసిందే. పెట్టె వెనకాల ఆడోళ్ళు రైలు గేటు వరకే పోవాల. గేటు దాటి సమాధుల కాడికి మగోళ్ళే పోతారు. ఆ పొద్దు సంఘ పెద్దాయన చెయ్యి అడ్డం పెట్టి, "చాలమ్మా, ఇంక ఇంటికి పోండి" అనినాడు. అందరం తిరుక్కున్యాము. నా బిడ్డ తిరుక్కోలా. "మా నాయనకు నేనొక్కదాన్నే కదా పెద్నాయనా, నేను రాకపోతే ఎవురొస్తారు?" అని అడిగింది. మగోళ్ళు పెట్టె ఎత్తుకోని గేటు దాటినారు. పెట్టె కనపడకుండా పోయినంత వరకు ఆ గేటు కమ్మీ పట్టుకోని నిలబడుకోనుండింది.

అప్పటి నుంచి సువార్తలు ఆమె చదివే తీరే మారిపోయింది. యాడ ఆడోళ్ళ మాట వస్తే ఆడ వేలు పెట్టి ఆగేది. నేను చింతపండు పిసకతా ఉంటే వచ్చి పక్కన కూర్చోని చదివి చెప్పేది. "అమ్మా, అందరూ పారిపోయినాక సిలువ కాడ నిలబడింది ఎవురు? ఆడోళ్ళే. యేసయ్యను ఏ గుహలో పెట్టినారో కూడా పోయి కళ్ళతో చూసి వచ్చినారు. వాళ్ళను గేటు కాడ ఆపేకి ఎవురూ లేరు చూడు."

"వండేది వడ్డించేది మన పని, అదంతా మనకెందుకే" అని నేనంటే నవ్వేది. "వండినోళ్ళ సంగతి కూడా రాసినారు అమ్మో" అనేది.

పిల్లకాయలకు కూడా అదే చెప్పేది. "ఆయన పన్నెండు మంది శిష్యుల్ని వెంటబెట్టుకోని ఊరూరా తిరిగినాడు కదా. మరి వాళ్ళకు సంగటి కెలికింది ఎవురు?" అని అడిగేది. ఒక పిల్లోడు "హోటల్లో తినింటారు అక్కా" అనినాడు. అందరూ నవ్వినారు, ఆమె కూడా నవ్వింది. నవ్వి, మగ్దలేనే మరియమ్మ, యోహన్నమ్మ, సూసన్నమ్మ, ఇంకా పేరు రాయని శానా మంది, వాళ్ళకు ఉండేదాంట్లోంచి పెట్టుకుంటా ఆయన వెంబడి నడిచినారని చెప్పింది.

ఆ ముగ్గురిలో సూసన్నమ్మ అంటే ఆమెకు ప్రాణం. "ఆమె పేరు ఒక్క చోటే ఉండాది అమ్మా. ఇంకెక్కడా లేదు. ఎవురి బిడ్డో, ఏం కూర బాగా చేస్తాదో, నవ్వితే ఎట్లుంటాదో ఎవురూ రాయలేదు. ఆమెకు అమ్మ ఉండింటాది కదా, ఆ అమ్మన్నా రాసి పెట్టుండకూడదా?" అనేది.

సంఘ పెద్దాయనతో ఆమెకు ఎప్పుడూ వాదమే. ఆయనంటే ఇష్టం కూడా. గుడి బయట చెప్పులేసుకుంటా ఉంటే పట్టుకునేది.

"ఆడోళ్ళ గుండె తట్టుకోలేదు పాపా, అందుకే ఆ పద్ధతి" అని ఆయన అంటే,

"సిలువ కాడ ఎవురి గుండె తట్టుకునింది పెద్నాయనా? మీరు ఆ కాలంలో ఉండింటే యాడ ఉండేవాళ్ళు? ఆ శిష్యుల మాదిరి తలుపుకు గడి పెట్టుకోని లోపల ఉండుందురు" అనేది.

"ఇదో, ఫ్యాక్టరీకి పోతా పోతా ఇంకో ప్రసంగం తయారు చేసుకోనొచ్చింది" అని ఆయన చెయ్యెత్తేవాడు. ఇద్దరూ నవ్వుకునేవాళ్ళు. పద్ధతి మాత్రం అట్నే ఉండె.

ఆమెకు ఒక అలవాటు. షిఫ్టు మధ్యలో ఫోను చేస్తే మొదటి మాట "తిన్న్యావా?" నేను తొందరగా "ఆ" అంటే నమ్మేది కాదు. "ఏం తిన్న్యావో చెప్పు" అనేది. ఊరిబిండి పచ్చడి అంటే చెనక్కాయలు వేయించినావా అని అడిగేది. అబద్ధం చెప్పేకి వీలు కాదు. ఇంత పట్టు ఎందుకే అంటే, చనిపోయిన పాపను యేసయ్య లేపిన కథ చెప్పేది. "లేపినాక ఆయన ఏం చెప్పినాడో తెలుసా? పాపకు తినేకి ఏమన్నా పెట్టండి అనినాడు. అంత పెద్ద పని చేసి, అడిగింది అన్నం గురించి." ఆ కథ ఇప్పుడు నేను చదవలేను. పుస్తకంలో ఆ చోటు వస్తే తిప్పేస్తా ఉండాను.

ఇంకొక్కటి చెప్పాల. ఆమె తల. ఒత్తుగా, నడుము కింద వరకు ఉండేది. ఫ్యాక్టరీలో టోపీ కింద ముడేసి పెట్టుకునేది. ఆదివారం పొద్దున మెంతులేసి కాచిన కొబ్బరి నూనె నేనే అంటాల. ఎంత పెద్దదైనా నా ముందర కింద కూర్చునేది. "గట్టిగా అంటద్దమ్మా, ప్రసంగంలో నిద్రొస్తాది" అనేది.

ఆసుపత్రి నుంచి తెచ్చినప్పుడు ఆ తలను కట్టుగుడ్డతో ముడేసి ఉండినారు. నేను నూనె సీసా తెచ్చుకున్యాను. పద్ధతి ప్రకారం కడిగి, నూనె అంటి, జడేసి పంపిద్దామని. బయట మబ్బు కమ్ముకోనుండె, పొద్దు వాలతా ఉండె. "వాన వచ్చేస్తాది, గుంట నిండిపోతాది, ఎత్తండి" అనినారు. ఆ ముడి విప్పేకి కూడా పొద్దు లేకపోయింది. గేటు కాడ ఆడోళ్ళతో పాటు నిలబడిపోయినాను. సీసా చేతిలోనే ఉండె.

పొద్దు కుంకతా ఉండాదని తొందరగా యేసయ్యను గుహలో పెట్టేసినారని, ఆ ఆడోళ్ళ పని మిగిలిపోయిందని, అందుకే సుగంధాలు పట్టుకోని తెల్లారకముందే పోయినారని బిడ్డ చెప్పిందే. అప్పుడు కథ మాదిరి విన్న్యాను. ఇంట్లో ఒక్కదాన్నే కూర్చున్న్యాక అర్థమైంది. వాళ్ళు ఏదో అద్భుతం చూద్దామని పోలేదు. మిగిలిపోయిన పని చేసేకి పోయినారు.

వచ్చిన ఆదివారం మసక వెలుతురులో సీసా పట్టుకోని బయలుదేరినాను. గేటు కాడ గేటుమ్యాను "ఆగమ్మా" అనినాడు. ఆడదాన్నని ఆపతా ఉండాడేమో అనుకున్యాను. రైలు వస్తా ఉండాది, అంతే. రైలు పోయినాక గేటు ఎత్తినాడు. నేను దాటినాను.

ఆడికి పోయినాక తెలిసింది, నా బిడ్డది ఏదో నాకు తెలీదని. నా మొగుడిది కూడా తెలీదు. వాడిపోయిన చామంతుల దండ చూసి కనుక్కున్యాను. తల వైపు మన్ను కుంగిపోయి వాన నీళ్ళు నిలబడుండె. ఆ ఆడోళ్ళకు కనపడిన తెల్లబట్టల దూత లేడు. మనిషి అలికిడి లేదు. దోసిళ్ళతో నీళ్ళు తోడి పోసినాను. ఆ తల వైపే నూనె పోసి, అరచేత్తో మెల్లగా అద్దినాను. గట్టిగా అద్దలేదు.

అట్నే గుడికి పోయి మగోళ్ళతో చెప్పినాను, మన్ను కుంగింది, ఇంకో వాన వస్తే లోపలికి దిగిపోతాది అని. "బాగా కొట్టి పెట్టినామమ్మా. నువ్వు ఏడుపులో ఏదో చూసుంటావు" అనినారు. నా చేతులకు బురద ఉండాది. ఎవురూ చూడలేదు. ఇంటికొచ్చి తలుపేసుకున్యాను.

మధ్యాహ్నం తలుపు కొట్టినారు. సంఘ పెద్దాయన. మోకాళ్ళ దాకా బురద, చేతిలో ఇంటామె పంపించిన టిఫిన్ క్యారియర్. గడప అవతలే నిలబడినాడు.

"నువ్వు చెప్పింది నిజమే చెల్లెమ్మా. పోయి చూసినాను. మన్ను పోసి వచ్చినాము" అనినాడు. కాళ్ళకుండే బురద చూసుకోని, "పాప చెప్పినట్లే. గడి పెట్టుకోని కూర్చున్నోళ్ళం మేమే" అనినాడు. "రేపు రా. వాళ్ళ నాయనది యాడుండాదో నేనే చూపిస్తా."

పోతా పోతా తిరుక్కోని "తిన్న్యావా?" అనినాడు.

"ఆ" అన్న్యాను, తొందరగా.

ఆయన కదల్లేదు. "ఏం తిన్న్యావో చెప్పు" అనినాడు.

ఆ మాట నా ఇంట్లో మళ్ళీ వినపడతాదని నేను అనుకోలేదు. మెట్టు మీదే కూర్చున్న్యాను. ఆయన క్యారియర్ విప్పి నా ముందర పెట్టినాడు. సంగటి ఇంకా వేడిగా ఉండె.

సూసన్నమ్మ గురించి రాసేకి ఆమె అమ్మకు వీలు కాలేదేమో. నా బిడ్డ గురించి నేను రాసినాను. ఊరిబిండి బాగా నూరతాది. నవ్వితే కళ్ళు మూసుకుపోతాయి.

ఇప్పుడు ఆదివారాలు నేను గేటు దాటి పోతా ఉండాను, ఒక్కదాన్నే. సీసాలో నూనె సగానికి వచ్చింది. ఇంటికొస్తే ఫోను మోగదు, నన్ను అడిగేవాళ్ళు లేరు. అందుకని ఆమె బదులు నేను మిమ్మల్ని అడగతా ఉండాను. ఈ కాగితం పక్కన పెట్టి, లేసి, కడుపు నిండా అన్నం తినండి.