ముసురులో మసిబట్టలు

మా వంటింట్లో మసిబట్టల పెత్తనమంతా మేనత్తది. ఆమె మా బాపుకు, అంటే నాన్నకు, అక్క. పెళ్ళయిన కొద్ది కాలానికే భర్త పోతే పుట్టింటికి వచ్చి, ఇక ఎక్కడికీ పోలేదు. మా అవ్వ, అంటే అమ్మ, కాపురానికి వచ్చేసరికే పొయ్యి ముందు పీట మీద అత్త ఉన్నది. అవ్వకు ఆ ఇంట్లో నీళ్ళు తేవడం, కూరగాయలు కోయడం, బాసాన్లు తోమడం మిగిలాయి.

అప్పుడు మేము మంచిర్యాలలో, రైలు పట్టాలకు ఇవతల ఉండేవాళ్ళం. ఆంధ్రప్రదేశ్ ఏర్పడిన కొత్త. బాపుది బొగ్గుబాయిలో, అంటే గనిలో, పని. మా పొయ్యిలో కట్టెతో పాటు బొగ్గు కూడా మండేది కాబట్టి వంట గంజుల అడుగున మసి మందంగా పట్టేది. గంజులు దించడానికి ఒక బట్ట, అన్నం తినే తల్లెలు తుడవడానికి ఒకటి, పొయ్యి గడ్డ అలకడానికి ఇంకొకటి. అన్నీ పాత చీరల ముక్కలే. ఒకదాని పనికి మరొకటి వాడితే అత్త ఊరుకునేది కాదు. ఎండాకాలం వాటిని పెరటి దడి మీద వేస్తే క్షణాల్లో ఆరేవి. కష్టమంతా వానాకాలంలోనే. ముసురు పట్టిందంటే గోదావరి వైపు నుంచి వచ్చే గాలికి ఇల్లంతా చెమ్మగిల్లేది. అత్త పొయ్యి పైన తీగ కట్టి, పిండిన బట్టలను విప్పి దాని మీద వేసి, అటూ ఇటూ తిప్పుతూ ఆరబెట్టేది.

ఒకసారి అవ్వ హడావిడిలో తడిబట్టను ముద్ద చేసి మూల పడేసింది. మర్నాటికి అది ముక్కిపోయి వాసన కొట్టింది. అత్త దాన్ని రెండు వేళ్ళతో పట్టుకొచ్చి అవ్వ ముందు వేసింది.

"మీ అవ్వగారింట్ల గిట్లనే పెడ్తరా?"

అవ్వ ఆ బట్ట తీసుకుని బావి దగ్గరికి పోయింది. వాళ్ళిద్దరి మధ్య అలాంటి రోజులే ఎక్కువ. పెద్ద గొడవలు లేవు, నవ్వులూ లేవు.

ఒక శ్రావణంలో బాపుకు దగ్గు పట్టుకున్నది. బొగ్గు దుమ్ము, దానంతట అదే పోతుందని ఆయన అనేవాడు. ఒకనాడు అన్నం తింటూ తెరలు తెరలుగా దగ్గి, అందుబాటులో ఉన్న తుడుపుబట్టతో మూతి తుడుచుకున్నాడు. ఆయన లేచి పోయాక అత్త ఆ బట్టను విప్పి చూసి, అవ్వను పిలిచింది.

"గిది జూడు."

బట్ట మీద నెత్తురు. అవ్వ గోడకు ఆనుకుని కూర్చుండిపోయింది. అత్త మాత్రం బట్టను పొయ్యిలో వేసి, బాపు దగ్గరికి పోయి, చొక్కా తొడుక్కోమన్నది.

దవాఖానలో డాక్టరు పెద్దవయసు తురకాయన. బాపు వీపు మీద చాలాసేపు చెవిపెట్టి విన్నాడు. కఫం పరీక్ష చేయించి, ఆ తరువాత అత్తను పిలిచి చెప్పాడు.

"టీబీ ఉన్నది. ఫికర్ చెయ్యకురి, ఇప్పుడు సూదులొచ్చినయ్. కానీ ఆయన తల్లె, గిలాస, తుడుసుకునే బట్ట అంత అలగ్ ఉండాలె. పిల్లను జర దూరం పెట్టురి."

ఆ పిల్లను నేనే. అప్పటి నుంచి బాపు మంచం ముందరి అర్రలోకి, నా పడక వంటింటి పక్కకు మారాయి. అత్త తన పాత చీర ఒకటి చింపి బాపు కోసం బట్టలు చేసింది. వాటిని మిగతా వాటితో కలవనివ్వలేదు. అవ్వకు అది నచ్చలేదు.

"సొంత తమ్ముని పరాయోని లెక్క జేస్తున్నవ్ వదినె. ఇటియ్యి, నేను పిండుకుంట."

"ముట్టకు."

"నా మొగనియి నేను పిండద్దా?"

"నీకు పిల్ల ఉన్నది. నాకెవలున్నరు? నువ్వు ముట్టకు."

అవ్వ చాచిన చెయ్యి అలాగే నిలబడిపోయింది. తరువాత మెల్లగా వెనక్కి తీసుకున్నది. ఆనాటి నుంచి అవ్వ పీట మీద కూర్చుని వంట చేసింది. అత్త వెనకాల కట్టెల కొట్టంలోకి మారింది.

ఆ కొట్టానికి కిటికీ లేదు. అత్త అక్కడే బట్టలుతికే సౌడు మన్ను వేసి బాపు బట్టలను ఉడకబెట్టేది. బయట ఎండ లేదు, పొయ్యి పైన తీగ మీద వాటికి చోటు లేదు. కుంపటిలో బొగ్గులు రాజేసి, వాటి మీద ఆ బట్టలను రెండు చేతులతో పట్టుకుని ఆరబెట్టేది. ఒకటి ఆరేలోపు బాపుకు ఇంకొకటి కావలసి వచ్చేది. పొగకు ఆమె కళ్ళు ఎప్పుడూ ఎర్రగా ఉండేవి. వేళ్ళ సందులు నీళ్ళకు నానిపోయి తెల్లగా పగిలాయి. నేను తొంగి చూస్తే చేత్తోనే పొమ్మనేది. అవ్వ గడప దగ్గర నిలబడి పిలిచేది.

"జర బయటికి రా వదినె. పొగల ఎంతసేపు గూసుంటవ్?"

"ఇంకా ఆరలే."

సూదులు పని చేశాయి. చలికాలం వచ్చేసరికి బాపు దగ్గు తగ్గింది, అన్నం ఎక్కువ అడగసాగాడు. మరికొన్ని నెలలకు మళ్ళీ కఫం చూసి, ఇక భయం లేదన్నాడు డాక్టరు. బాయి లోపలికి దిగకుండా పైననే పని ఇచ్చారు. అవ్వ ఆ రోజు పాయసం వండింది. బాపు బట్టలిక వేరుగా ఉడకబెట్టే పని లేదు.

కానీ కొట్టంలో కుంపటి మండుతూనే ఉన్నది. కొన్నాళ్ళు చూసి, ఒక పొద్దున అవ్వ లోపలికే పోయింది. నేను వెనకాలే నిలబడ్డాను. అత్త మాకు వీపు చూపుతూ కూర్చుని, ఒక బట్టను నిప్పుల మీద పట్టుకుని ఉన్నది.

"ఇంకా ఎవలవి వదినె గివి?"

అత్త వెనక్కి తిరగలేదు.

"నావే," అన్నది.

ఎప్పటి నుంచి దగ్గుతున్నదో ఆమె చెప్పలేదు. పొగ వల్ల వచ్చే దగ్గే అనుకున్నాం మేమంతా. బాపు ఆమెను ఎత్తుకుని రిక్షాలో కూర్చోబెట్టాడు, అంత తేలికగా ఉన్నదట. డాక్టరు సూదులు మొదలుపెట్టాడు గాని, బాపు విషయంలో అన్నట్టుగా ఫికర్ చెయ్యకురి అని ఈసారి అనలేదు.

ఇప్పుడు బట్టలు అవ్వ చేతికి వచ్చాయి. అత్త మంచం మీద నుంచే అరిచేది.

"ముట్టకంటె ఇనవా? పిల్ల ఉన్నదే నీకు."

"ఉంటె ఉండనీ. నువ్వు నోర్మూసుకొని పండు."

మా ఇంట్లో అత్తతో అవ్వ అలా మాట్లాడటం అదే మొదలు. అత్త నిజంగానే నోరు మూసుకున్నది. కళ్ళు కూడా మూసుకున్నది. కాసేపటికి ఆమె దిండు తడిసింది.

నన్ను ధర్మపురిలో పెద్దమ్మ ఇంటికి పంపారు. అక్కడికి వచ్చి బాపు కబురు చెప్పాడు. ఆయన చెప్పకముందే, గుండు చూడగానే, అత్త పోయిందని నాకు అర్థమయింది. ఇంటికి వచ్చేసరికి కొట్టం ఖాళీ, గోడలకు కొత్త సున్నం. మంచం, చాప, బట్టలు అన్నీ కాల్చేశారు. ఆమెది అనేది ఇంట్లో ఏమీ మిగలలేదు. బాపు ఆమె గురించి ఒక్క మాట కూడా మాట్లాడేవాడు కాదు. ఎవరైనా మాట తీస్తే లేచి బయటికి పోయేవాడు. అవ్వ మాత్రం చాలా కాలం వంట చేస్తూ చేస్తూ "వదినె, గా చిప్ప ఇటియ్యి" అనేది. అని, ఆగిపోయేది.

నా పెళ్ళి కుదిరిన ఏడు, అత్త ఎలా పోయిందని అవ్వను అడిగాను.

"పొద్దుగాల బువ్వ అడిగింది," అన్నది అవ్వ. "వేడివేడిది పెట్టుమన్నది. ఎన్నడన్న వేడిది తిన్నదా ఆమె? అందరం తిన్నంక అడుగుబొడుగు తినేది. నేనురికి పొయ్యి రాజేసిన. ముసురుకు కట్టె అంటుకోలే."

"మరి?"

"అంటుకొని బువ్వ ఉడికేసరికి నిద్రపోయింది. లేపుదునా వద్దా అని చూసుకుంట నిలవడ్డ. లేపలే."

అవ్వ చేటలోని బియ్యం తీసుకుని, రాళ్ళు ఏరుతూ కూర్చున్నది.