పురుగులమ్మ తలుపు తీయలేదు

ఆవిడకు పురుగులమ్మ అని పేరు పెట్టింది వీధిలోవాళ్లు కాదు, సొంత ఆడపడుచే. ఇల్లంతా అద్దంలా తుడిచి, తన బుర్రకు మాత్రం బూజు పట్టనిచ్చిన మహాతల్లి ఆ ఆడపడుచు. ఆ ఇంట్లో మనుషులకన్నా గొంగళిపురుగులకే మర్యాద ఎక్కువ. లేతాకు ముందు వాటికి, చల్లారిన భోజనం తర్వాత మొగుడికి.

ఆడదానికి శాస్త్రమేమిటని మూతులు తిప్పుకునే రోజులవి. శాస్త్రం చదివిన మగమహారాజులేమో సూదికి గుచ్చిన పురుగుల పీనుగులను చూసి రంగులు ఊహించేవారు. "చచ్చినదాన్ని గీయడానికి కళ్లెందుకు?" అనేది పురుగులమ్మ. గుడ్డు, పురుగు, గూడు, సీతాకోకచిలుక, అన్నీ బతికున్నవి చూసి ఒకే కాగితం మీద వేసేది.

ఒక్క కాగితంలో మాత్రం చివరి మూల ఖాళీగా మిగిలింది. కిందటేడు గూట్లోంచి చిలుక రాలేదు, దాన్ని లోపలే తినేసిన ఈగలొచ్చాయి. ఈసారి బతికిన ఒక్క పురుగూ సీసాలోంచి పారిపోయి ముందుగది తెరకు గూడు కట్టుకుంది. మొగుడి పైఅధికారి ఇంటికొచ్చే పూటే ఆ గూడు పగిలింది.

"వదినా, ఆ తెర దులిపేస్తున్నా. ఆయనగారి నెత్తిన పడితే అన్నయ్య ఉద్యోగం ఊడుతుంది."

"దులిపావంటే నిన్నూ దులుపుతా. రెక్కలు ఇంకా తడి. ఆరకుండా కదిపితే ఇక జన్మలో ఎగరలేదది."

ఆడపడుచును బయటికి నెట్టి గడియ పెట్టి, కుంచె తీసింది. కాసేపటికి మొగుడి గొంతు.

"ఏమే, తలుపు తియ్యి. అయ్యగారు నిలబడే ఉన్నారు."

"నిలబడనివ్వండి. రోజూ ఆయన ముందు మీరు నిలబడ్డంలా?"

"లోపల ఏమిటయ్యా?" అన్నాడు అధికారి.

వానపాముకు వెన్నెముక ఎంతో మొగుడికీ అంతే. నోటికొచ్చిన అబద్ధం ఆడేశాడు. "కాన్పండీ."

అయ్యగారు టోపీ తీసి భక్తిగా మెట్లమీద కూలబడ్డాడు.

రెక్కలు ఆరి, బొమ్మ పూర్తయ్యాకే గడియ తీసింది పురుగులమ్మ. అధికారి లోపలికొచ్చి, "ఆడా, మగా?" అన్నాడు.

"ఆడదే," అంది తెరవైపు చూపిస్తూ.

చిలుక లేచింది. పోతూపోతూ ఆయన తెల్లకోటు మీద ఎర్రటి బొట్టొకటి వదిలింది. గూట్లోంచి వచ్చిన చిలుకలు చేసే మొదటి పని అదే, కడుపు ఖాళీ చేసుకోవడం. ఆడపడుచు గుడ్డకోసం పరిగెత్తింది.

"తుడవకు. మీరూ కదలకండి, ఆరితే రంగు మారిపోతుంది," అని పురుగులమ్మ ఎరుపు కలపసాగింది.

ఆయన ఊపిరి బిగబట్టి నిలబడ్డాడు. ఆ బొట్టు ఇప్పటికీ బొమ్మలో చిలుక పక్కనే ఉంది. అంతకుముందుగానీ ఆ తర్వాతగానీ ఆ పెద్దమనిషి ఎందుకైనా పనికొచ్చినట్టు నేనైతే వినలేదు.