వంకర మెడ చుక్కి... ఖాళీ గిన్నె పెదనాయన

పుట్టీ, నా బిడ్డా... మందు మింగవే అంటే, చుక్కి కథ చెబితేనే మింగుతాననేదానివి. ఈరోజు ఆ కథ అందరికీ రాస్తున్నాను. నేను ఐదో తరగతితో బడి మానేసినదాన్ని... తప్పులుంటే సర్దుకుని చదవండి.

మా చిన్నప్పుడు... పెద్దపంజాణి పక్కన మా పల్లెలో మాకు గంపెడు కోళ్లుండేవి. ఒక ఎండాకాలం కొక్కెర తెగులు వచ్చింది. గంప కింద మూసినవి మూసినట్టే చచ్చిపోయాయి. మిగిలింది ఒక్కటే... నల్లటి ఒంటి మీద తెల్ల చుక్కలున్న నా చుక్కి.

బతికింది గానీ మెడ మెలిదిరిగిపోయింది. గింజను పొడవబోతే ముక్కు పోయి పక్కన నేలకు తగిలేది. కళ్లెదుట తిండి ఉన్నా తినలేకపోయేది పాపం.

అమ్మ దాన్ని ఒళ్లో పెట్టుకుని, రాగి సంగటిని చిన్న గోళీలు చేసి, మజ్జిగలో అద్ది నోట్లో పెట్టేది. మెడకు గోరువెచ్చని ఆముదం రాసేది. పొద్దున అమ్మ... బడి నుంచి వచ్చాక నేను.

ఇక మా పెదనాయన. నాయనకు అన్న. కాపురం పుంగనూరులో. మడత నలగని చొక్కా, నోట్లో తమలపాకు. మా ఇంటికి వస్తే తినడానికే వచ్చేవాడు. పిల్లలకని ఒక బన్ను ముక్క తెచ్చిన పాపాన పోలేదు. చెప్పులు విప్పకముందే ఆయన చూపు కోళ్లగంప మీదికి పోయేది.

కోళ్లన్నీ పోయాయని తెలిసి వచ్చిన రోజు కూడా అంతే. తమ్ముణ్ణి ఒక్క మాట పలకరించలేదు... నేరుగా పోయి గంప ఎత్తి చూశాడు.

"ఇదొకటి ఉండాది కదప్పా! యాల దీనికి సాకిరీ? బాగయ్యేది ల్యా, గుడ్డు పెట్టేది ల్యా. కోసేస్తే ఈ పూటకన్నా పనికొస్తాది."

నాయన అన్న ముందర నోరెత్తే మనిషి కాదు. కత్తి కోసం చూరు వైపు చూశాడు. నేను చుక్కిని పావడాలో చుట్టుకుని గోడకు అతుక్కుపోయాను.

అప్పుడు లోపలి నుంచి అమ్మ... "దాన్ని గంగమ్మకు మొక్కుకోనుండాను బావా. ఇంట్లో కొయ్యగూడదు."

మొక్కిన కోడిని జాతర దాకా ఎవరూ ముట్టరు. అది పెదనాయనకూ తెలుసు. "ఎప్పుడు మొక్కినావమ్మా?" అన్నాడు అనుమానంగా.

"తెగులొచ్చిన పొద్దే" అంటూ అమ్మ బయటికి వచ్చి చుక్కి కాలికి పసుపు దారం కట్టింది. దారం ఇంకా తడిగానే ఉంది... అందరం చూశాం. ఆ పూట పెదనాయన సంగటి, ఊరిబిండి పచ్చడి తిని మూతి ముడుచుకుని పోయాడు.

ఆయన పోయాక నాయన మెల్లగా అడిగాడు. "మే... ఆయన్ను పంపించేస్తివి, సరే. నిజంగా యాల దీనికి? బాధ పడతాండాదేమో. వదిలేస్తే దాని పాటికి అది పోతాది కదా?"

అమ్మ ఒక సంగటి గోళీ చుక్కి ముక్కు దగ్గర పెట్టింది. చుక్కి నోరు తెరిచింది.

"సూడు... తెరస్తాండాది కదా. అది తెరిచినన్ని దినాలూ పెడతా. తెరవని పొద్దు నాకు ఒకరు చెప్పాల్సిన పన్లే."

జాతర వచ్చింది. పెదనాయన పొద్దున్నే దిగాడు, చేతిలో మూత గిన్నెతో! జీవితంలో మా ఇంటికి ఆయన తెచ్చిన వస్తువు అదొక్కటే.

"కోడి యాడ?"

"మెడ వంకర ఉండే కోడిని అమ్మోరికిస్తారా బావా? తల్లికి కోపం రాదా? బాగయినాంక ఇస్తాము."

"బాగయ్యేదెప్పుడు?"

"తల్లికే తెల్సు."

మొక్కింది కాబట్టి ఇంట్లో కొయ్యరాదు... వంకరది కాబట్టి గుడి దగ్గర కొయ్యరాదు. చుక్కి ఉన్నన్ని జాతర్లూ ఆ గిన్నె ఖాళీగా వచ్చి ఖాళీగానే పుంగనూరు పోయింది.

ఒక పొద్దున చుక్కి నోరు తెరవలేదు. అమ్మ గోళీ పట్టుకుని చాలాసేపు అట్లాగే కూర్చుంది. చెనిక్కాయల చేని గట్టు మీద పూడ్చిపెట్టాం. పెదనాయన విని ఏమన్నాడో తెలుసా... "ఒంట్లో ఏడి ఉండంగానే నాకు కబురు పెట్టింటే అయిపోయుండు కదా!"

పుట్టీ... ఆయన పోయాడు గానీ ఆ నోరును మన చుట్టాలకు ఇచ్చిపోయాడు. మదనపల్లె ఆసుపత్రిలో నీ మంచం పక్కనే, నువ్వు వింటుండగానే... "బాగయ్యే జబ్బు కాదు కదమ్మా, ఇంక యాల?" అన్నారు. నీకని తెచ్చిన కమలాపండ్లు వాళ్లే ఒలుచుకుని తిన్నారు. ఛీ! వాళ్ల నోళ్లు మూయించడానికి మా అమ్మలాగా నాకు ఒక మొక్కు కూడా తట్టలేదు.

ఇడ్లీ ముక్క పాలల్లో అద్ది నీ నోటి దగ్గర పెట్టాను. నువ్వు తెరిచావు. నాకు అది చాలింది... అన్ని దినాలూ.

తర్వాత ఒక పొద్దు నువ్వు తెరవలేదు. నాకు ఎవరూ చెప్పాల్సిన పని లేకపోయింది.

నీ పెద్దకర్మ నాడు మొదటి పంక్తిలో వాళ్లే. వడలు గట్టిగా ఉన్నాయన్నారు. అడిగినంతా వడ్డించాను... తెరిచిన నోటికి పెట్టకుండా ఉండడం మా అమ్మ నాకు నేర్పలేదు. ఆ మొహాలను మాత్రం చూడలేదు.

ఇప్పుడు కోడంటే దుకాణంలో తోలు ఒలిచి ఇచ్చే కూర. దానికి పేరుండదు. జబ్బు చేసినదాన్ని ఒళ్లో పెట్టుకుని తినిపించే ఓపిక మనుషుల దగ్గరే లేదు, ఇంక కోడికెక్కడిది...

మీ ఇళ్లల్లోనూ చుక్కి లాంటిది ఉండి ఉంటే దాని పేరు కింద రాయండి. కోసుకుని తిన్న కథలు మాత్రం నాకొద్దు.

సంగటి పొయ్యి మీద ఉంది... నేనూ కొంచెం తింటాను. మీరు కూడా వేళకు కడుపు నిండా తినండి.