చెప్పులు విప్పితేనే కొట్టే కరెంటు

మామిడికాయల సీజన్ అయ్యాక మా ఆయన ఒక పాత మినీ బస్సు కొని, హనుమాన్ జంక్షన్‌లో సీట్లు పీకించి, మంచాలు వేయించి, దానికి క్యారవాన్ అని పేరు పెట్టారు. అందులో మా అత్తయ్యను అరుణాచలం తీసుకెళ్ళాలని ఆయన కోరిక. వైరింగ్ మాత్రం తనే చేశారు, తోటలో బోరు మోటారుకు వేయగా మిగిలిన వైరుతో.

ఇంట్లోంచి వైరు లాగి ప్లగ్ పెట్టగానే ఫ్రిజ్ పనిచేసింది, లైట్లు వెలిగాయి. లోపల దేవుడి పటం ఉంది కదా అని నేనూ అత్తయ్యా చెప్పులు కిందే విప్పి తలుపు పట్టుకున్నాం. ఇద్దరికీ చెయ్యి జివ్వుమంది.

"షాక్ కొడుతోందండీ" అన్నాను.

ఆయన రబ్బరు చెప్పులతో దర్జాగా వచ్చి తలుపు పట్టుకున్నారు. ఆయన చెప్పులు లోపలికి ఎక్కాకే విప్పుతారు.

"ఏదీ, నాకేం లేదే? మీ ఇద్దరికీ నరాల బలహీనత" అన్నారు.

తలుపుకు టెస్టర్ ఆనించి, అది వెలగడం చూపిస్తే టెస్టర్ పాడైందన్నారు. నాకు ఒళ్ళు మండింది. ఆ బండిలో రాత్రంతా పడుకోబోయేది అత్తయ్య. ఎలక్ట్రీషియన్‌ని పిలిస్తే ఈయనగారి పరువు పోతుందట.

బయలుదేరే రోజు పొద్దున్నే, "ఏమండీ, బండికి పూజ చేయకుండా ఎలా?" అన్నాను. అత్తయ్య నా మొహం చూసి సంగతి గ్రహించింది. దూరం నుంచే బిందెతో నీళ్ళు కుమ్మరించింది, బండి మీద కంటే నేల మీదే ఎక్కువ. ఫ్రిజ్‌లో మజ్జిగ చల్లబడాలని ప్లగ్ ఆయనే పెట్టి ఉంచారు. నేను ఆ ప్లగ్ స్విచ్ మీద చెయ్యి వేసి నిలబడ్డాను.

పూజకు చెప్పులతో నిలబడే మనిషి కాదు ఆయన. తడి నేల మీద ఒట్టి కాళ్ళతో నిలబడి తలుపుకు బొట్టు పెట్టారు. పెట్టీ పెట్టగానే కెవ్వుమన్నారు, కుంకుమ భరిణె ఎగిరిపడింది. స్విచ్ ఆపాను గానీ నవ్వు ఆపుకోలేకపోయాను.

"ఏంట్రా, నీకూ నరాలేనా?" అంది అత్తయ్య.

ప్రయాణం ఆగింది. బాపులపాడు నుంచి వచ్చిన ఎలక్ట్రీషియన్ మంచం కింద చూశాడు. వైరు ఒరుసుకుపోయి బండి రేకుకు తగులుతోంది. ఎర్త్ వైరు ఎక్కడా కలపనే లేదు. వైరింగ్ మొత్తం మార్చేశాడు. ఈసారి టెస్టర్ వెలగలేదు, నా ప్రాణం కుదుటపడింది.

అత్తయ్య మాత్రం మెట్టు దగ్గరే ఆగి, "ముందు నువ్వు పట్టుకో" అంది కొడుకుతో. ఆయన చెప్పులు విప్పి, కళ్ళు గట్టిగా మూసుకుని తలుపు పట్టుకున్నారు. ఏమీ కాలేదు. అప్పుడు ఎక్కింది.

దారిలో ప్లగ్ పెట్టిన ప్రతి ఊళ్ళోనూ మేమిద్దరం కిందే నిలబడేవాళ్ళం. ఆయన కళ్ళు మూసుకుని, పెదాలు కదుపుతూ దేవుణ్ణి తలుచుకుని తలుపు పట్టుకునేవారు. ఇక అంత భయం అక్కర్లేదని మా ఇద్దరికీ తెలుసు. చూడటానికి బాగుండేది, అందుకే చెప్పలేదు.